మాటలకూ ఓ ఇంకుడు గుంత!

వారానికో అరగంట... ఫోన్లో స్పీచ్‌ థెరపీ. అది చినుకు లాంటిది. ఆ చినుకు పిల్లాడి నోట మాటై మొలవాలంటే ఏం చేయాలి? కరవు సీమలో నీటిని నిలబెట్టిన శాస్త్రం ఈ ప్రశ్నకు ఆసక్తికరమైన జవాబులు చెబుతోంది.

అనంతపురం వాన తీరే వేరు. రావాల్సినప్పుడు రాదు. వచ్చిందంటే గంటలో వంకలన్నీ పొంగించి, తెల్లారేసరికి జాడ లేకుండా పోతుంది. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు అటే ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలేమో అంత దూరం నుంచి వచ్చేసరికి అలసిపోతాయి. రెంటికీ చెడ్డ పీఠభూమి. ఏడాది మొత్తమ్మీద కురిసేది దాదాపు 550 మిల్లీమీటర్లు. దేశంలో జైసల్మేర్‌ తర్వాత ఇంత తక్కువ వాన పడే జిల్లా ఇదేనని చెప్పుకోవడం పరిపాటి.

అయినా ఓ చిన్న లెక్క చూడండి. ఎకరం నేలమీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్ల నీళ్లు. 550 మిల్లీమీటర్లంటే 22 లక్షల లీటర్లు! మరి అవన్నీ ఏమైనట్టు? ఎర్రనేల పైపొర పెచ్చుకట్టి ఉంటుంది. చినుకు లోపలికి దిగదు. వాలు ఎటుంటే అటు పరుగు తీస్తుంది. పోతూపోతూ నాలుగు గంపల మట్టినీ తీసుకుపోతుంది. వాన పడకపోవడం ఒక్కటే కరవు కాదు, పడిన వాన ఇంకకపోవడం కూడా కరవే.

ఇప్పుడు అదే సీమలో ఓ ఇల్లు ఊహించుకోండి. కళ్యాణదుర్గం నుంచి ఇంకా లోపలికెళ్లాలి. మూడున్నరేళ్ల పిల్లాడు. అమ్మ, తాత, పాపు, బువ్వ... నోట పలికేవి ఇంతే. నాన్న బెంగళూరులో బేల్దారి పనికెళ్లాడు. ఇంట్లో అమ్మ, జేజి. ఇద్దరికీ కలిపి ఒకటే ఫోను. స్పీచ్‌ థెరపిస్టు ఎక్కడో నగరంలో ఉంటుంది. వారానికోసారి వీడియోకాల్‌, అరగంట. మొదటి అయిదు నిమిషాలూ పిల్లాడు తెరవైపు చూస్తాడు. ఆరో నిమిషంలో ఫోను లాక్కుంటాడు. పదో నిమిషంలో సిగ్నల్‌ పోతుంది. మళ్లీ వచ్చేసరికి వాడు వాకిట్లో కోడి వెనకాల పరుగు. ‘మేడం, వీడు కూసోవడం లేదు’ అని అమ్మ దిగులు. ‘పర్లేదమ్మా, వచ్చేవారం చూద్దాం’ అని ఆవిడ ఓదార్పు. చినుకు పడింది, పోయింది!

ఊహించుకున్న ఇల్లే కానీ, ఆ దిగులు కల్పన కాదు. మాటలు త్వరత్వరగా పట్టుబడే వయసు పెద్దది కాదు. తొలి అయిదారేళ్లలో పోయిన వారం మళ్లీ రాదు. నిపుణులు నగరాల్లో ఉన్నారు, పిల్లలు పల్లెల్లో ఉన్నారు. అనంతపురం నుంచి బెంగళూరు 200 కిలోమీటర్ల పైమాటే. మాట, వినికిడి సమస్యలకు దేశంలోనే పేరున్న సంస్థ (1965లో మొదలైన అఖిల భారత వాక్‌ శ్రవణ సంస్థ) ఉన్న మైసూరు ఇంకా దూరం. అందుకే ఆన్‌లైన్‌ థెరపీ ఇలాంటి చోట్లకి విలాసం కాదు, అవసరం. 2020లో కరోనా కాలంలో తప్పనిసరై ఊపందుకుంది. వాక్‌ శ్రవణ నిపుణుల సంఘం ఆ ఏడాదే దానికి మార్గదర్శకాలూ తయారుచేసుకుంది. దూరం నుంచి పాఠం చెప్పడం సాధ్యమేనని తేలిపోయింది. తేలాల్సింది రెండోది: ఆ పాఠం ఇంట్లో ఇంకుతోందా?

167 అరగంటలు

పిల్లాడు రోజుకు 12 గంటలు మెలకువగా ఉంటాడనుకుంటే వారానికి 84 గంటలు. అంటే 168 అరగంటలు. అందులో థెరపిస్టు ముందు ఉండేది ఒకటి. మిగతా 167 అరగంటలూ అమ్మ కొంగు పట్టుకునో, జేజి పక్కన కూర్చుని సంగటి తింటూనో, గొర్రెపిల్లతో ఆడుకుంటూనో గడిచిపోతాయి. ఆ ఒక్క అరగంటని ఎంత గొప్పగా తీర్చిదిద్దినా మిగతా 167 బండరాయిలా ఉంటే ఏం లాభం?

వాటర్‌షెడ్‌ పనులు చేసినవాళ్లకి ఈ సంగతి కొత్త కాదు. పరుగెత్తే నీటిని నడిపించాలి, నడిచే నీటిని నిలబెట్టాలి, నిలిచిన నీటిని ఇంకించాలి అంటారు వాళ్లు. వాన పెంచడం ఎవరి చేతుల్లోనూ లేదు. వాలుకు అడ్డంగా గట్టు వేయడం, కందకం తవ్వడం, చిన్న రాతి అడ్డుకట్ట కట్టడం మాత్రం ఊరి చేతుల్లో పని. విన్సెంట్‌ ఫెర్రర్‌ 1969లో అనంతపురం వచ్చి స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ ఆర్డీటీ, ఆయనే 1982లో ప్రారంభించిన ‘యాక్షన్‌ ఫ్రటెర్నా’ ఈ జిల్లాలో దశాబ్దాలపాటు చేసిన పనిలో పెద్ద భాగం అదే. ఆర్డీటీ ఒకపక్క చెరువులూ కుంటలూ చూస్తూనే మరోపక్క వినికిడి లోపమున్న పిల్లలకి ప్రత్యేక పాఠశాలలూ నడిపింది. నీళ్లూ మాటలూ ఒకే గడపలోంచి నడిచాయన్నమాట!

ఆన్‌లైన్‌ థెరపీలో గట్టు వేయడమంటే... పిల్లాణ్ని తెర ముందు కూర్చోబెట్టే ప్రయత్నం మానుకోవడం. థెరపిస్టు పాఠం చెప్పాల్సింది అమ్మకి. ఫోను గూట్లో పెట్టేసి, అమ్మ రోజూ చేసే పనే చేస్తూ ఉంటే థెరపిస్టు చూస్తుంది. స్నానం చేయించడమో, శెనక్కాయలు ఒలవడమో ఏదైనా సరే. ‘అమ్మా, ఇందాక వాడు చెంబు వైపు చెయ్యి చాపాడు చూశారా? అప్పుడు ఇచ్చేయకుండా ఒక్క క్షణం ఆగండి. మీ మొహం చూస్తాడు. అప్పుడు ‘నీళ్లు’ అనండి’... ఇదీ పాఠం. ఆ తర్వాత స్నానం రోజూ ఉంటుంది, చెంబూ రోజూ ఉంటుంది. పాఠం రోజూ ఇంకుతూనే ఉంటుంది.

పిల్లాణ్ని ఇంట్లోంచి విడదీసి చూడకూడదన్న ఆలోచన మనస్తత్వ శాస్త్రంలోకి పర్యావరణం వైపు నుంచే వచ్చింది. అమెరికాలోని కాన్సాస్‌లో ఆస్కలూసా అనే చిన్న ఊరుంది. రోజర్‌ బార్కర్‌ అనే మనస్తత్వవేత్త 1947లో అక్కడో పరిశోధన కేంద్రం తెరిచాడు. పక్షుల్నీ జంతువుల్నీ వాటి చోటే గమనించినట్టు పిల్లల్ని వాళ్ల ఊళ్లోనే గమనించాలన్నది ఆయన పట్టుదల. ఏడేళ్ల కుర్రాడొకడు లేచింది మొదలు పడుకునేదాకా ఏం చేశాడో, ఏమన్నాడో పరిశీలకులు వంతులవారీగా రాసి, 1951లో పుస్తకమే వేశారు. తర్వాత యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెనర్‌ 1979లో మానవ వికాసానికీ ఓ జీవావరణం ఉంటుందని సిద్ధాంతీకరించాడు. ఇల్లు, బడి, నాన్న ఉద్యోగం, ప్రభుత్వ విధానం... అన్నీ పిల్లాడి చుట్టూ ఒకదానిలో ఒకటి ఇమిడిన వలయాలేనన్నాడు. బెంగళూరులో బేల్దారి పని దొరకడం, దొరకకపోవడం కూడా మన పిల్లాడి మాటల మీద పనిచేస్తుందన్నమాట.

ఇక్కడే ఓ తమాషా ఉంది. క్లినిక్‌లో కుర్చీ, బల్ల, రంగుల బొమ్మలు ఉంటాయి. గొర్రెపిల్ల ఉండదు, జేజి ఉండదు. ఫోను కెమెరాలో అవన్నీ ఉంటాయి. బార్కర్‌ ఊరంతా తిరిగి చూసినదాన్ని ఇవాళ థెరపిస్టు కూర్చున్న చోటి నుంచే చూడొచ్చు. చూడాలన్న ఆలోచన ఉంటే.

శిఖరం నుంచి లోయకు...

వాటర్‌షెడ్‌ పథకాలకు దేశవ్యాప్తంగా 1994లో ఓ దారి చూపించింది మన తెలుగు ఆర్థికవేత్త సీహెచ్‌ హనుమంతరావు అధ్యక్షతన ఏర్పడిన కమిటీ. ఆ పనుల్లో పాతుకుపోయిన సూత్రం ఒకటుంది: పని గుట్ట మీద మొదలుపెట్టి కిందికి రావాలి. జనానికి చెక్‌డ్యాం ముద్దు. కనబడుతుంది, నీళ్లు నిలుస్తాయి, ఫొటో బావుంటుంది. కానీ పైన గుట్ట బోడిగా ఉంటే నాలుగు వానలకే కింద చెక్‌డ్యాం పూడికతో నిండిపోతుంది.

మాటల విషయంలో అమ్మానాన్నలు అడిగేది కూడా చెక్‌డ్యామే. ‘మాటలెప్పుడొస్తాయి?’ అంటారు. మాట లోయ అయితే దానికి పైన శిఖరాలు ఉన్నాయి. మొదటిది వినికిడి. తర్వాత మనం చూపించినవైపు చూడటం, చూసి మనవైపు తిరగడం, వేలు చూపించి అడగడం, ఒకసారి నువ్వు ఒకసారి నేను అన్న ఆట. మాట అర్థం కావడం పలకడానికి ముందే వస్తుంది. ఆ తర్వాతే పెదాలతో పలికే ప, బ, మ. ‘ర’ లాంటివి చాలా ఆలస్యంగా వస్తాయి. మూడేళ్లవాడు ‘రాజు’ని ‘లాజు’ అన్నాడని బెంగపడేవాళ్లు, పిలిస్తే తిరగడం లేదన్న సంగతి గమనించకపోవచ్చు.

అందుకే మాటలు ఆలస్యమైన ఏ పిల్లాడికైనా ముందు చేయాల్సింది వినికిడి పరీక్ష. అది వీడియోకాల్‌లో అయ్యే పని కాదు. 2013లో కేంద్రం ప్రారంభించిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో వైద్య బృందాలు అంగన్‌వాడీలకీ బడులకీ వచ్చి ఎదుగుదల లోపాల్ని గుర్తించి, జిల్లా కేంద్రాలకు పంపే ఏర్పాటుంది. చెన్నై శ్రీరామచంద్ర సంస్థ నిపుణులు ఇంకో అడుగు ముందుకేశారు. తమిళనాడు పల్లెల్లో ఊరి కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి చంటిపిల్లల వినికిడిని ప్రాథమికంగా పరీక్షింపజేశారు. అనుమానం ఉన్నవాళ్లకి తదుపరి పరీక్షని దూరం నుంచే నడిపించి చూశారు. చేతులు ఊళ్లో, కళ్లు నగరంలో! ఆన్‌లైన్‌ అంటే అంతా తెరమీదే జరగాలనేమీ లేదని చెప్పే ఉదాహరణ ఇది.

ఇదే వరసలో ఇంకో బాధ. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీతో కాక్లియర్‌ ఇంప్లాంటు శస్త్రచికిత్స పేదింటి పిల్లలకీ అందుబాటులోకి వచ్చింది. పెద్ద విషయమే. కానీ ఆ యంత్రం శబ్దాన్ని లోపలికి పంపుతుందే తప్ప అర్థాన్ని పంపదు. కొత్తగా వచ్చిన శబ్దాల్లో ఏది అమ్మ గొంతో, ఏది ట్రాక్టరో నేర్చుకోవడానికి నెలలూ ఏళ్లూ సాధన కావాలి. ఆపరేషన్‌ అయ్యాక కుటుంబం ఊరికి తిరిగొస్తుంది. సాధన నగరంలో ఉండిపోతుంది. చెరువు తవ్వి కాలువ మరిచిపోయినట్టు. ఆన్‌లైన్‌ థెరపీకి అన్నిటికన్నా ఎక్కువ అర్థముంది బహుశా ఇక్కడే.

డ్రమ్ము, గడియారం, నోటుపుస్తకం

2003 నుంచి 2009 వరకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురంతో సహా ఏడు కరవు జిల్లాల్లో ఓ ప్రాజెక్టు నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అండగా, నంద్యాలకు చెందిన ‘బర్డ్స్‌’ సంస్థ ముందుండి నడిపించిన దీనిపేరు రైతుల ఆధ్వర్యంలో భూగర్భ జలాల నిర్వహణ. ఆరు వందలకు పైగా పల్లెలు. చేసిన పని వింటే ఇంతేనా అనిపిస్తుంది. రైతులకి కొలవడం నేర్పారు!

ఊళ్లో వానమాపకం పెట్టి పడిన వానని రైతులే రాశారు. ఎంచుకున్న బావుల్లో పదిహేను రోజులకోసారి తాడు వదిలి నీటిమట్టం చూశారు. బోరు కింద డ్రమ్ము పెట్టి, గడియారం పట్టుకుని, నిండటానికి ఎంతసేపు పడుతోందో లెక్కగట్టారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, భూమిలో ఉన్న నీళ్లెన్ని, వేద్దామనుకుంటున్న పంటలకు కావాల్సినవెన్ని అని గోడమీద జమాఖర్చు వేశారు. లోటు కనబడింది. ఎవరూ ఆంక్ష పెట్టలేదు. జరిమానా లేదు, రాయితీ లేదు. ‘వరి వద్దు’ అని ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. తన చేత్తో కొలిచిన అంకె తన ముందుండేసరికి చాలామంది తామే పంట మార్చుకున్నారు. ప్రపంచ బ్యాంకు 2010లో భారత భూగర్భ జలాలపై వెలువరించిన నివేదికలో ఈ ప్రయోగం గురించి ప్రత్యేకంగా రాశారు.

జలశాస్త్రవేత్త చేతిలోని అంకె రైతు చేతిలోకి మారడం... ఇందులోని అసలు మలుపు ఇదే. ఇదే మలుపు స్పీచ్‌ థెరపీలో నత్తి విషయంలో ఎప్పుడో జరిగింది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ శివారు పేరుమీద ‘లిడ్‌కంబ్‌’ అనే పద్ధతి 1980ల్లో మొదలైంది. ఆరేళ్లలోపు పిల్లలకి. వైద్యం చేసేది అమ్మే, నాన్నే. రోజూ రాత్రి ఆ రోజు నత్తి ఎంతుందో సున్నా నుంచి తొమ్మిది లోపు ఒక అంకె వేస్తారు. సున్నా అంటే అసలు లేదు, తొమ్మిది అంటే చాలా తీవ్రం. థెరపిస్టు ఆ అంకెల వరస చూసి తర్వాతి అడుగు చెబుతుంది. సాఫీగా పలికినప్పుడు మెచ్చుకోవాలి, ఎక్కువ మెచ్చుకుని విసిగించకూడదు... ఇలాంటివి. ఆస్ట్రేలియాలో దూరాలు మనకన్నా ఎక్కువ. అందుకే అక్కడ ఈ పద్ధతిని ముందు టెలిఫోన్లో, తర్వాత వెబ్‌క్యామ్‌లో ప్రయత్నించారు. క్లినిక్‌కి వచ్చిన పిల్లలకీ, వెబ్‌క్యామ్‌లో చూసిన పిల్లలకీ ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2016లో వెలువడిన ఓ అధ్యయనం తేల్చింది. తెర ఒక్కటే కాదు, ఇంట్లో రోజూ ఒక అంకె పుట్టడమూ అందుకు తోడ్పడి ఉండాలి.

మన కళ్యాణదుర్గం పిల్లాడికి నత్తి లేదు, మాటలే తక్కువ. వాడి విషయంలో ఏం కొలవాలి? ‘అను, అను’ అని బలవంతపెడితే అన్న మాటల్ని కాదు. తనంతట తాను ఎన్నిసార్లు అడిగాడు? మాటతోనా, చెయ్యి చాపా, మనిషిని లాగా? రోజూ అన్నం వేళ ఓ పది నిమిషాలు చూసి, నోటుపుస్తకంలో గీతలు పెట్టుకుంటే చాలు. ఒక్క రోజు గీతలు చూసి కంగారుపడకూడదు. వాన సగటు అబద్ధం చెబుతుందని అనంతపురం రైతుకి ఒకరు చెప్పక్కర్లేదు. జ్వరమొచ్చిన వారం మాటలు తగ్గుతాయి, నాన్న పండక్కొచ్చిన వారం పెరుగుతాయి. ఆరు వారాల వరస చూస్తేనే ఏదైనా తెలిసేది.

సిగ్నల్‌ సంగతికీ నీటి దగ్గరే జవాబుంది. కాలువకి ఎప్పుడూ పారుతుండాలి. చెరువుకి అక్కర్లేదు, వచ్చినప్పుడు పట్టుకుంటే చాలు. వీడియోకాల్‌ కాలువ. అమ్మ పగలు రెండు నిమిషాల వీడియో తీసిపెట్టుకుని, రాత్రి సిగ్నల్‌ దొరికినప్పుడు వాట్సప్‌లో పంపితే అది చెరువు. థెరపిస్టు తీరిగ్గా నాలుగుసార్లు చూడొచ్చు. అయితే స్నానం చేస్తున్న పిల్లాడి వీడియో ఎవరి ఫోన్లో, ఎన్నాళ్లుంటుందో అడిగి తెలుసుకోవడం అమ్మ హక్కు. 2023 నాటి డిజిటల్‌ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి అంది.

ఓ చేదు పాఠం కూడా ఉంది. 2009లో ప్రాజెక్టు ముగిశాక కొన్నిచోట్ల వానమాపకాలు అటకెక్కాయి. పుస్తకాలు పాతబడ్డాయి. కొలత అలవాటుగా మారినచోట నిలిచింది, పథకంగా ఉన్నచోట పోయింది. చందా కట్టినన్నాళ్లే పనిచేసే స్పీచ్‌ థెరపీ యాప్‌లు ఈ కథ ఓసారి చదువుకోవడం మంచిది.

మగ్గం చప్పుడులో...

ధర్మవరం. పట్టుచీరల ఊరు. చాలా ఇళ్లలో గుంట మగ్గం ఉన్న గదే పిల్లలు పెరిగే గది. పొద్దుటి నుంచి రాత్రిదాకా టకాటకా. అదే కూడు పెట్టే చప్పుడు, ఆపమనడానికి లేదు. ఆ గదిలో ఫోను పెట్టి, ‘స’ అను, ‘శ’ అను అంటే ఎలా?

శబ్దాన్నీ కాలుష్యంగా చూడటం పర్యావరణ శాస్త్రం నేర్పిన అలవాటు. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబుల్స్‌ మించకూడదు. అది చెవి కోసం, నిద్ర కోసం పెట్టిన హద్దు. మాట నేర్చుకోవడానికి అది సరిపోదు. ఖాళీగా ఉన్న తరగతి గదిలో 35 డెసిబుల్స్‌ దాటకూడదని అమెరికా ప్రమాణం 2002లోనే చెప్పింది. పెద్దవాళ్లం సగం వినబడినా మిగతా సగం ఊహించుకుంటాం, ఎందుకంటే భాష మనకి వచ్చు. పిల్లాడికి రాదు. వాడికి మాట చుట్టుపక్కల చప్పుడు కన్నా ఓ 15 డెసిబుల్స్‌ పైకి వినబడాలంటారు నిపుణులు.

ఖర్చు లేని మందు ఒకటుంది. దూరం సగం తగ్గిస్తే గొంతు దాదాపు 6 డెసిబుల్స్‌ పెరిగినట్టే. రెండు మీటర్ల నుంచి మీటరుకి, మీటరు నుంచి అరమీటరుకి వస్తే 12. అరవక్కర్లేదు, ఒళ్లో కూర్చోబెట్టుకుంటే చాలు! రేకుల ఇల్లో, ఉత్త స్లాబు గదో అయితే మాట గోడలకి తగిలి తిరిగొచ్చి కలగాపులగమైపోతుంది. దండెం మీద నాలుగు బొంతలు వేలాడదీస్తే ఆ ప్రతిధ్వని తగ్గుతుంది. మగ్గానికి భోజనం వేళ విరామం ఉంటుంది కదా, పాఠం అప్పుడు పెట్టుకోవచ్చు.

థెరపిస్టు గుర్తుంచుకోవాల్సిందీ ఉంది. పాత టెలిఫోను 3,400 హెర్ట్‌జ్‌కి పైనున్న శబ్దాన్ని మోసేదే కాదు. ‘స’ బలమంతా దానికి పైనే ఉంటుంది. వీడియోకాల్‌ నయమే కానీ, సిగ్నల్‌ బలహీనపడినప్పుడు నష్టపోయేవి ఈ ఊదుడు శబ్దాలే. హోరు తగ్గించే సాఫ్ట్‌వేర్‌ ఒక్కోసారి ‘స’నీ హోరే అనుకుంటుంది. పిల్లాడు సరిగ్గానే పలికి ఉండొచ్చు, తప్పు దారిలో జరిగి ఉండొచ్చు. అలాంటి కాల్‌ని బట్టి ‘స రావడం లేదు’ అని రాసేస్తే, మురికి సీసాలో నీళ్లు పట్టి బావి చెడిందన్నట్టే.

ఒకే పంట వద్దు

ఒకప్పుడు ఈ నేలలో కొర్ర, సజ్జ, జొన్న, కంది, అలసంద కలిసి పండేవి. తర్వాత లక్షల ఎకరాల్లో శెనక్కాయ ఒక్కటే మిగిలింది. కలిసొచ్చిన ఏడు డబ్బులు, కలిసిరాని ఏడు ఏమీ లేదు. ఒక్కటే పంట వేస్తే ఒక్క దెబ్బకే పోతుందన్న పాఠం అనంతపురం నేర్చుకున్నంత ఖరీదుగా ఇంకెవరూ నేర్చుకుని ఉండరు.

మాటల నిపుణుల్లోనూ చాలాకాలం ఇలాంటి ఏకపంట సలహా ఒకటి చలామణీలో ఉంది. పిల్లాడికి మాటలు ఆలస్యమైతే ‘ఇంట్లో ఒకటే భాష మాట్లాడండి’ అని. చాలాసార్లు ఆ ఒక్కటీ బడిలో చెప్పే భాషో, ఇంగ్లిషో అయ్యేది. మడకశిర, రాయదుర్గం వైపు ఇళ్లలో తెలుగూ కన్నడమూ కలిసే ఉంటాయి. కదిరిలో ఉర్దూ, తండాల్లో లంబాడీ. జేజి భాష ఆపేయమంటే జేజి నోరు నొక్కేసినట్టే. పిల్లాడితో రోజంతా మాట్లాడే మనిషి ఒకరు తగ్గిపోతారు. రెండు భాషలు వినడం వల్ల మాటల సమస్య పుట్టదని పరిశోధనలు స్పష్టంగానే చెప్పాయి. సమస్య ఉంటే రెండు భాషల్లోనూ కనిపిస్తుంది, సాధనా రెంటిలోనూ చేయొచ్చు.

యాసకీ అదే వర్తిస్తుంది. పిల్లాడు ‘ఆడ’ అంటే ‘అక్కడ’ అనమని దిద్దే థెరపిస్టు వైద్యం చేయడం లేదు, జిల్లా మారుస్తోంది! ‘వస్తాండా’ అన్నది తప్పు కాదు, ఊరి విత్తనం. బొమ్మల కార్డుల మీద ఇగ్లూలు, స్ట్రాబెర్రీలు ఎందుకు? బుడ్డలు, సీతాఫలం, గొర్రెపిల్ల, బోరు, మడక... పేరు తెలిసి, చేత్తో పట్టుకున్న వస్తువైతే మాట వేరు పట్టుకుంటుంది.

తవ్వడం ఆపితే...

చెన్నేకొత్తపల్లి దగ్గర (2022లో జిల్లాలు విడిపోయాక ఇది శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది) 1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, మిత్రులు కలిసి 32 ఎకరాల బీడు మీద ‘టింబక్టు కలెక్టివ్‌’ మొదలుపెట్టారు. తర్వాత చుట్టుపక్కల ఊళ్లు కలిసి ముష్టికోవెల వైపు వేల ఎకరాల గుట్టల్ని మళ్లీ పచ్చగా చేసుకున్నాయి. అదే కల్పవల్లి. అక్కడ మొక్కలు నాటిన మాటా నిజమే, గింజలు చల్లిన మాటా నిజమే. కానీ అడవి లేచింది ప్రధానంగా నేలలో అప్పటికే ఉన్న వేళ్ల నుంచీ, మోళ్ల నుంచీ. ఊళ్లవాళ్లు చేసిన పెద్ద పని... కాపలా. నిప్పు రాకుండా గీతలు తీశారు, గొడ్డలి పడకుండా చూశారు, ఆగారు.

దీనికి పూర్తి వ్యతిరేకం బోరు. ఒకటి పడకపోతే ఇంకోటి. ఇంకా లోతుకి. అప్పు తెచ్చి మళ్లీ. ఎండిన బోర్లు ఎన్ని సంసారాల్ని ముంచాయో ఇక్కడ ఎవర్నడిగినా చెబుతారు.

మాటలు రాని పిల్లాడి చుట్టూ జరిగేదీ తరచూ బోరు తవ్వకమే. ‘ఇదేంటి? ఆవు అను. అను నాన్నా. అంటే చాక్లెట్‌ ఇస్తా’... పొద్దున లేస్తే పరీక్ష. వాడు మొహం తిప్పుకుంటాడు, ఇంకా లోతుకి తవ్వుతారు. ఒక థెరపిస్టు కుదరలేదని ఇంకొకరు, ఒక యాప్‌ పోయి మరొకటి. కెనడాలో 1975లో మొదలైన హానెన్‌ కార్యక్రమం తల్లిదండ్రులకి నేర్పే మొదటి పాఠం దీనికి ఎదురుగా ఉంటుంది: గమనించండి, ఆగండి, వినండి. ప్రశ్న తగ్గించి, వాడు చూస్తున్న దాని గురించే ఒక మాట చెప్పి, ఊరుకోవాలి. అయిదు సెకన్లు... పది సెకన్లు. పెద్దవాళ్లకి అది యుగంలా ఉంటుంది. వీడియోకాల్‌లో ఇంకా కష్టం, మాట ఆగితే సిగ్నల్‌ పోయిందనుకుంటాం!

అయితే ఆగడం వేరు, వదిలేయడం వేరు. ‘వాళ్ల మేనమామకీ అయిదేళ్లకే మాటలొచ్చాయి, వస్తాయిలే’ అని ఏళ్లు గడపడం ఆగడం కాదు. కల్పవల్లిలో ఎవరూ ఇంటికెళ్లి పడుకోలేదు. పరీక్ష చేయించి, లెక్క రాస్తూ, చుట్టూ కాపలా ఉంటూ ఆగాలి. ఆ కాపలాలో తెరకీ ఓ కంచె వేయాల్సిందే. రెండేళ్లలోపు పిల్లలకి తెర అసలొద్దనీ, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకి గంట మించొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మాటల కోసం ఫోను తెచ్చి, అరగంట పాఠం తర్వాత మూడు గంటల కార్టూన్లకి అదే ఫోను ఇస్తే వచ్చిన తడి కాస్తా ఆవిరే.

పోలికని మరీ సాగదీయడమూ తగదు. నేల నొప్పి చెప్పదు, పిల్లాడు చెబుతాడు, మాటల్లో కాకపోయినా. గ్రహణం మొర్రి ఉన్నా, మింగడం కష్టమైనా, చెవిలో చీము కారుతున్నా తెర ముందు కూర్చోవడం దండగ, ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఆన్‌లైన్లో కలిసిన మనిషికి భారత పునరావాస మండలి నమోదు ఉందో లేదో అడగడానికీ మొహమాటపడక్కర్లేదు. నెలలో మాటలు గ్యారంటీ అని ఎవరైనా అంటే... వంద అడుగుల్లో నీళ్లు గ్యారంటీ అని కొబ్బరికాయ పట్టుకుని పొలంలో తిరిగినాయన్ని గుర్తుచేసుకోండి.

ఒక్క విషయంలో మాత్రం క్లినిక్‌ కన్నా ఫోనే మేలు. శెనక్కాయ పోయిన ఏడు సంసారమే బెంగళూరు వెళ్లిపోతుంది. కట్టుబడి జరిగే చోట రేకుల షెడ్డులో కాపురం. క్లినిక్‌ వెంట రాదు. అదే థెరపిస్టు, అదే నోటుపుస్తకం, అవే గీతలు షెడ్డు దాకా వస్తాయి. జేజి మాత్రం ఊళ్లో ఉండిపోతుంది. ఆమెకి రాత్రిపూట ఫోను కలపడం కూడా సాధనలో భాగమేనని ఏ థెరపిస్టయినా ఒప్పుకోవాలి.

అక్కడిదాకా రాకముందు, మళ్లీ కళ్యాణదుర్గం అవతలి ఇంటికే వెళ్దాం. ఈసారి ఫోను గూట్లో ఉంది. సిగ్నల్‌ ఎప్పుడో పోయింది, ఎవరూ చూసుకోలేదు. అరుగు మీద జేజి బుడ్డలు ఒలుస్తోంది. పిల్లాడు చెయ్యి చాపాడు. జేజి ఒక గింజ చేతిలో పెట్టుకుని వాడి మొహంలోకి చూసింది. ‘ఇంగా కావాల్నా?’ అంది. ఊరుకుంది. వాకిట్లో కోడి కూడా ఊరుకుంది. అమ్మ పెన్సిలు పట్టుకుని లోపల్నుంచి చూస్తోంది.

‘ఇం...గా’ అన్నాడు వాడు.

అమ్మ నోటుపుస్తకంలో ఒక గీత పెట్టింది.